సర్కారు తుమ్మల కింద తాతల గోరీలు



పోయిన నెల మన సంఘపు పెద్దాయన ఒకరు చేతిలో ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చారు. అవతల దుబాయిలో పనిచేసే ఆయన మనవడు. "అయ్యగారూ, మా తాత వాళ్ల తాత గోరి ఏడుందో జర చూసి ఫోటో పంపుండ్రి" అని అడిగాడు. పెద్దాయన తల్లి వైపు వారిది మిడ్ మానేరులో మునిగిన ఊరు. చీర్లవంచ, చింతలఠాణా వంటి ఊళ్లవాళ్లు మన మధ్య ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆ వైపు సమాధులు ఇక నీళ్ల కిందనే. మిగిలింది తండ్రి వైపు వారి పాత సమాధుల తోట ఒక్కటే. అదీ సర్కారు తుమ్మతో, వయ్యారిభామతో మూసుకుపోయి, మేక కూడా దూరలేనట్టు ఉంది.

ఒక శనివారం నలుగురం కొడవళ్లు, గొడ్డళ్లు తీసుకొని వెళ్లాం. మధ్యాహ్నం దాకా కొడితే ఒక మూల తేలింది. తల దగ్గర ఒక బండరాయి, కాళ్ల దగ్గర ఒక బండరాయి, అంతే. అక్షరాలున్న రాళ్లు రెండే దొరికాయి. మరి ఇవి మనవాళ్లవేనని ఎట్లా చెప్పాలి? పాత క్రైస్తవ సమాధుల్లో తల పడమటికి, కాళ్లు తూర్పుకు ఉంచడం ఆనవాయితీ, ప్రభువు రాకడలో తూర్పు వైపు చూస్తూ లేవాలని. ముస్లిం సోదరుల ఖబరులు మన దేశంలో ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. రాళ్ల వరుస చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది.

ఒక తమ్ముడు రాయి మీది నాచు పోవాలని యాసిడ్ సీసా తెచ్చాడు. నాకు నిజంగానే కోపం వచ్చింది. యాసిడ్, ఇనుప బ్రష్ తగిలితే వందేళ్ల అక్షరం ఒక్క పూటలో పోతుంది. మంచినీళ్లు, మెత్తని గుడ్డ చాలు. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూస్తే, మిట్ట మధ్యాహ్నం కనబడని అక్షరం నీడతో పైకి లేస్తుంది. రాత్రి టార్చిలైటు పక్కనుంచి వేసినా అంతే.

అయితే ఆ రెండు రాళ్లూ పెద్దాయన వాళ్లవి కావు. అక్కడే నాకు ఒక సంగతి తట్టింది. మన ప్రాంతానికి సువార్త తెచ్చినవారు వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు. 1880వ దశకంలోనే కరీంనగరులో వారి పని మొదలైంది. మెదకులో పోస్నెట్ దొరగారు కట్టించిన పెద్ద గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. దొరలు వ్రాసిన ఉత్తరాలు, రిపోర్టులు లండనులో సోయాస్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. వారి మాట విని మొదట బాప్తిస్మం పొందిన మన తాతలకు మిగిలింది ఈ బండరాళ్లు, చెదలు తిన్న రిజిస్టర్లు. దొరల మీద నాకు ఫిర్యాదు లేదు. వారు వ్రాసి పెట్టుకున్నారు, మనం వ్రాసి పెట్టుకోలేదు.

అందుకే రాళ్లు వదిలి కాగితాల్లోకి దిగాం. సంఘపు పాత రిజిస్టరు ఇంగ్లీషు తారీఖుల్లో ఉంది. పెద్దాయన ట్రంకుపెట్టెలోని భూమి కాగితం నిజాం కాలపు ఫసలీలో ఉంది. ఫసలీకి 590 కలిపితే సుమారుగా మన సంవత్సరం వస్తుంది. 1328 ఫసలీ అంటే 1918 అక్టోబరు నుంచి మరుసటి అక్టోబరు దాకా. అది మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణం తీసిన ఇన్‌ఫ్లూయెంజా నాటి సంవత్సరం. మీ ఇంటి కాగితాల్లో ఆ ఏడు కనబడితే, దాని ముందూ వెనుకా పేజీలు కూడా చదవండి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయి ఉండవచ్చు.

అబ్రాహాము శారాను పాతిపెట్టడానికి మక్పేలా పొలం కొన్న సంగతి ఆదికాండము 23లో ఉంది. నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చాడు. పొలం, గుహ, చెట్లు, హద్దులు, సాక్షులు అన్నీ అక్కడ వ్రాసి ఉన్నాయి. చదువుతుంటే రిజిస్ట్రేషను దస్తావేజు లాగే ఉంటుంది. అంత పెద్ద విశ్వాసి కూడా నోటి మాటతో సరిపెట్టుకోలేదు. మన తోట సేత్వారులో ఏమని ఉంది, 1954-55 ఖాస్రా పహాణీలో ఏమని ఉంది, సర్వే నంబరు ఎంత? ఈ మూడూ తెలియకుండా చుట్టూ కంచె వేయాలనుకోవడం తొందరపాటు. ముందు నకళ్లు తీసుకుందాం.

చివరికి రిజిస్టరులో పెద్దాయన ముత్తాత పేరు దొరికింది. బాప్తిస్మం తరువాతి పేరు, పక్కన పాత పేరు, ఊరి పేరు. ఆ కింది వరుసలో "ఇతని భార్య" అని మాత్రమే ఉంది. ఆమె పేరు లేదు. పెద్దాయన వేలు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మా అక్కకు ఎరుకుంటది అయ్యగారూ. మా నాయినమ్మ దగ్గర పెరిగిన పిల్ల అది" అన్నారు.

ఆ అక్కగారు కోరుట్లలో కూతురి ఇంట్లో ఉన్నారు. వయసు తొంభై దగ్గర పడింది, చెవులు సరిగా వినబడవట. వచ్చే మంగళవారం పొద్దున బస్సుకు మేమిద్దరం వెళ్తున్నాం.