ఈతకొలనులు: క్లోరిన్ ఉప ఉత్పత్తులు

నీటిలోని క్రిములను చంపడానికి కొలనులో కలిపే క్లోరిన్, ఈతగాళ్ల చెమటతో, మూత్రంతో, ఒంటి జిడ్డుతో, రాసుకున్న క్రీములతో కలిసి పుట్టించే రసాయనాలను క్లోరిన్ ఉప ఉత్పత్తులు అంటారు. క్లోరమిన్లు, క్లోరోఫాం వంటి ట్రైహాలోమీథేన్లు, హాలోఎసిటిక్ ఆమ్లాలు వీటిలో ముఖ్యమైనవి. స్విమ్మింగ్ పూల్ గేటు దాటగానే ముక్కుకు తగిలే ఘాటు చాలావరకు ట్రైక్లోరమిన్‌దే. ఘాటు ఉందంటే మందు బాగా వేశారని మనవాళ్లు సంతోషిస్తారు. నిజానికి ఆ నీళ్లలో మనుషుల మలినం ఎక్కువైందని దాని సూచన.

పల్నాడులో ఒకప్పుడు ఈ సమస్యకు తావే లేదు. కారంపూడి వైపు పిల్లలు సొరకాయ బుర్రో, బెండో నడుముకు కట్టుకొని బావిలోనో, నాగులేటి మడుగుల్లోనో ఈత నేర్చేవారు. 1967 నుంచి సాగర్ కుడి కాలువ నీళ్లు కూడా తోడయ్యాయి. ఉమ్మడి గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతంలోని కైతేపల్లి నుంచి వచ్చిన షంషేర్ ఖాన్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఈదాడు. అలాగని పాత నీళ్లన్నీ స్వచ్ఛమైనవేమీ కావు. దిగుడుబావుల్లో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకునే ఊళ్లను నారికురుపు పీడించింది. ఆ జబ్బు నుంచి దేశం విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 2000లోనే.

బ్లీచింగ్ పౌడర్ తయారీకి 1799లో చార్లెస్ టెనెంట్ పేటెంట్ పొందాడు. నీళ్లు చల్లి విరిచిన పొడి సున్నానికి క్లోరిన్ వాయువు పట్టిస్తే వచ్చేదే ఈ పొడి. సున్నపు బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ల పక్కనే ఉన్నవారికి సగం సరుకు తెలిసిందే. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ తాగునీటికి నిరంతరం క్లోరిన్ కలపడం మొదలుపెట్టింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే బ్రౌన్ విశ్వవిద్యాలయపు కొలనుకూ అదే మందు వాడారు. టైఫాయిడ్, విరేచనాల భయం తగ్గింది కాబట్టి అరవై ఏళ్లకు పైగా దాని మరో ముఖాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1974లో రోటర్‌డామ్ నీటి సంస్థ రసాయనవేత్త యోహానెస్ రూక్, క్లోరిన్ వేసిన నీటిలో క్లోరోఫాం పుడుతోందని చూపాడు. ఆకులు, మట్టి కుళ్లగా నీటిలో చేరే సేంద్రియ పదార్థమే దానికి మూలం. తాగునీటికి పరిమితులు త్వరగానే వచ్చాయి. ఈతకొలనుల వంతు ఆలస్యమైంది. తాగేవాడి కడుపులోకి వెళ్లేది గ్లాసుల లెక్కన. ఈదేవాడికి అది చర్మం గుండా, ఊపిరి గుండా కూడా చేరుతుంది. ట్రైక్లోరమిన్ నీటిలో నిలవదు. పైకి లేచి, ఈతగాడు నోరు తెరిచి గాలి పీల్చే చోటే చేరుతుంది. గోడలూ పైకప్పూ ఉన్న కొలనుల్లో దీని బెడద ఎక్కువ.

2003లో బెల్జియం పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ బెర్నార్డ్, పిల్లల ఉబ్బసానికీ ఇండోర్ కొలనులకూ సంబంధం ఉండవచ్చన్నాడు. 2010లో బార్సిలోనాలో 49 మంది పెద్దలను 40 నిమిషాలు ఈదించి పరీక్షిస్తే, వారు వదిలిన ఊపిరిలో ట్రైహాలోమీథేన్లు సుమారు ఏడు రెట్లు పెరిగాయి. ఊపిరితిత్తుల పనితీరు మాత్రం చెప్పుకోదగ్గంతగా మారలేదు. 2011లో వెలువడిన బ్రిటన్ పిల్లల అధ్యయనంలోనూ ఈతవల్ల ఉబ్బసం పెరిగినట్టు తేలలేదు. అందుకని పిల్లల్ని ఈత మాన్పించడం తొందరపాటే. రోజంతా కొలను గట్టునే ఉండే కోచ్‌లు, లైఫ్‌గార్డుల విషయంలో ఆ ధీమా చెల్లదు. వారికి గాలాడేలా చూడటం నిర్వాహకుల బాధ్యత.

మన పంచాయతీల్లో తాగునీటికి వాడే క్లోరోస్కోప్‌తోనే కొంత సంగతి తేలుతుంది. నీటి నమూనాలో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేయగానే, పది సెకన్లలోపు వచ్చే పసుపు రంగు స్వేచ్ఛా క్లోరిన్‌ను చూపుతుంది. పావుగంట ఆగి చూస్తే ఆ రంగు ముదరవచ్చు. ఆ ముదిరినంత మేర క్లోరమిన్ల వంటి సంయుక్త క్లోరిన్ అన్నమాట. మనవాళ్లు మొదటి రంగు చూసి రిజిస్టరులో రాసేసి వెళ్లిపోతారు. కొలనుకు అసలు కావలసింది రెండోది. అది పెరిగితే మరింత పొడి గుమ్మరించడం కన్నా, కొంత పాత నీరు తీసి కొత్త నీరు పెట్టడం మేలు.

జర్మనీ ప్రమాణం ట్రైహాలోమీథేన్లను కొలను నీటిలో లీటరుకు 20 మైక్రోగ్రాములకు మించనివ్వదు. అక్కడ నీటిలో దిగేముందు సబ్బుతో స్నానం చేయడం ఆనవాయితీ. మన కొలనుల్లో షవర్లు ఉన్నా, ఎక్కువమంది వాటి కిందికి వెళ్లేది ఈత అయ్యాకే.