ట్రాక్ డేకు మాజ్డా మియాటా

మాజ్డా ఎంఎక్స్-5 మియాటా టాపు తెరుచుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకొచ్చింది. ఇంజిన్ ముందుంటుంది, తిరిగేవి వెనక చక్రాలు. మొదటి తరం కారు బరువు టన్నుకు లోపే. సొంత కారును పోటీ లేకుండా రేసు ట్రాక్‌పై వేగంగా నడిపే ‘ట్రాక్ డే’లకు తక్కువ ఖర్చుతో దిగాలనుకునే అమెరికన్లలో ఎందరో వెతికేది దీన్నే.

ముందే ఇంజిన్ మీద డబ్బు పొయ్యడం వృథా. 1.6 లీటర్ల తొలి ఇంజిన్ ఇచ్చేది సుమారు 116 హార్స్‌పవర్; నేర్చుకునేవారికి అది చాలు.

అసలు చూసుకోవాల్సింది బ్రేకులు. పదేపదే గట్టిగా తొక్కితే పాత ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. కొత్త డాట్ 4 ఫ్లూయిడ్, వేడికి తట్టుకునే ప్యాడ్లు వేయించాకే ట్రాక్ ఎక్కాలి. పైకప్పు గుడ్డది కాబట్టి కారు బోల్తా పడితే తలలను కాపాడే ఇనుప కమ్మీ, అంటే రోల్ బార్, లేనిదే చాలామంది నిర్వాహకులు లోపలికి రానివ్వరు. ఆ పట్టుదల సబబే.

నాలుగు చక్రాలకూ ఉన్న డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ మొదటి తరం కారుకు పెద్ద బలం. బోల్టులు తిప్పి క్యాంబర్‌ను, అంటే చక్రం వాలును, సర్దుకోవచ్చు. చక్రం పైభాగం కాస్త లోపలికి వాలితే మలుపులో టైరుకు పట్టు పెరుగుతుంది, బయటి అంచు త్వరగా అరగదు.

చిక్కల్లా కూలింగ్‌తోనే. మాజ్డా 323లో అడ్డంగా ఉండే ఇంజిన్ కుటుంబాన్నే ఇందులో నిలువుగా అమర్చి, కూలెంట్ బయటికొచ్చే దారిని ముందుకు మార్చారు. దాంతో వెనక సిలిండర్ ఎక్కువ వేడెక్కుతుంది. అందుకే ఇంజిన్ శక్తి పెంచుకున్నవారు ఆ దారిలోని థర్మోస్టాట్‌ను తిరిగి వెనక్కి మార్పించుకుంటారు.