చెంచాడు తెమడ

పొద్దున్న తొమ్మిదిన్నర. హైదరాబాద్‌లో ఒక క్షయ కల్చర్ ల్యాబ్. ముందు మాస్కు పెట్టుకోండి. ఎన్-95 మాస్కు పైపట్టీ నడినెత్తి మీదికి, కింది పట్టీ మెడ వెనక్కి రావాలి. ముక్కు మీది లోహపు పట్టీని రెండు వేళ్లతో నొక్కి, గట్టిగా ఊపిరి వదలండి. చెంప పక్కనుంచి గాలి తన్నిందా? అయితే మళ్లీ సర్దుకోండి. ఇక్కడ ఇన్నేళ్లుగా పనిచేస్తున్న నేను కూడా రోజూ ఇదే చేస్తాను.

కొరియర్ పెట్టె వచ్చింది. బయోసేఫ్టీ క్యాబినెట్ ముందు కూర్చొని మూత తీస్తున్నాం. జెల్ ప్యాకుల చల్లదనం ఇంకా పోలేదు. వాటి మధ్య జిప్ కవర్లలో ఫాల్కన్ ట్యూబులు నిలబడి ఉన్నాయి. ప్రతి ట్యూబుకూ ఒక కాగితం, కాగితం మీద ఒక పేరు, వయసు, ఊరు. ఆ మనుషులెవరినీ నేను చూడను. నా దగ్గరికి వచ్చేది వాళ్ల తెమడ ఒక్కటే.

ఈ ట్యూబును వెలుతురుకు ఎత్తి కొంచెం వంచండి. చిక్కగా, పచ్చగా ఉంది. గోడను పట్టుకొని మెల్లగా జారుతోంది. ఇది ఊపిరితిత్తి లోపలి నుంచి వచ్చింది. ఇప్పుడు దాని పక్క ట్యూబు చూడండి. పలచని నీరు, పైన నురుగు.

“మేడమ్, ఇది ఉత్త ఉమ్మే,” అంటున్నాడు టెక్నీషియన్.

“పంపిన సెంటర్‌కు ఫోన్ చెయ్యి బాబూ. పొద్దుటి తెమడ మళ్లీ తీయించి పంపమను.”

ఈ ఫోన్ చేయకుండా పరీక్ష చేసేస్తే ఏమవుతుంది? నెగెటివ్ అని కాగితం వెళ్తుంది. ఆ మనిషి దాన్ని మడిచి జేబులో పెట్టుకొని, జబ్బు లేదనుకొని, ఇంట్లో పిల్లల పక్కన పడుకొని దగ్గుతూనే ఉంటాడు. మా యంత్రాలు ఎంత ఖరీదైనవైనా ట్యూబులో లేని క్రిమిని చూపించలేవు.

ఇటు స్టెయినింగ్ గది. అద్దం పలక మీద తెమడను రెండు సెంటీమీటర్ల వెడల్పు, మూడు సెంటీమీటర్ల పొడవున పలచగా పూశారు. దాని మీద కార్బల్ ఫ్యూక్సిన్ పోసి, కింద మంట చూపిస్తున్నారు. ఆవిరి లేవాలి, మరగకూడదు. అయిదు నిమిషాలు ఆగి, కడిగి, 25 శాతం గంధకామ్లం పోస్తారు. ఎర్రరంగు కారిపోతోంది చూడండి. మిగతా కణాలన్నీ రంగు వదిలేస్తాయి. క్షయ క్రిమి వదలదు. దాని గోడలో ఉన్న మైకాలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆ రంగును పట్టి ఉంచుతుంది. చివర మిథిలీన్ బ్లూ పోస్తే వెనకంతా నీలమవుతుంది.

రాబర్ట్ కోచ్ ఈ క్రిమిని లోకానికి చూపించింది 1882 మార్చి 24న, బెర్లిన్‌లో. ఆ సాయంత్రం వింటున్నవాళ్లలో పాల్ ఎర్లిక్ ఉన్నారు. ఆమ్లంతో కడిగినా ఈ క్రిమి రంగు వదలదని కొద్ది వారాల్లోనే తేల్చింది ఆయనే. తర్వాత కొన్నేళ్లకు తన తెమడలోనే దాన్ని చూసుకోవలసి వచ్చింది. ఆయన పద్ధతిని జీల్, నీల్సన్ సవరించారు. ఇప్పుడు మీ ఎదుట ఆరుతున్న పలకకు వాళ్ల పేరే ఉంది.

కూర్చోండి. పలక మీద ఒక చుక్క నూనె వేసి, వంద రెట్ల లెన్సును ఆ నూనె తగిలేదాకా దించండి. నీలి మసక. స్క్రూను వెంట్రుకవాసి తిప్పండి. అదిగో! ఎర్రని సన్నని పుల్ల, కొంచెం వంగి ఉంది. పక్కన ఇంకోటి. ఒక్కో దృశ్యంలో పదికి మించి కనిపిస్తే 3+ అని రాస్తాం. వంద దృశ్యాలు వెతికినా పది లోపే ఉంటే, ఉన్నన్నీ లెక్కపెట్టి ఆ అంకె వేస్తాం. ఒక్కటీ కనబడకపోతే నెగెటివ్. కానీ మిల్లీలీటరు తెమడలో అయిదు వేల నుంచి పది వేల క్రిములు ఉంటేగాని మన కంటికి చిక్కవు. మూడు వేలున్న మనిషి ఈ పలక మీద ఆరోగ్యవంతుడిగానే కనిపిస్తాడు.

అందుకే పక్క గదిలో సీబీనాట్ అనే యంత్రం ఉంది. తెమడకు రెండింతల ద్రావకం కలిపి, గట్టిగా కుదిపి, పావుగంట ఉంచి, కార్ట్రిడ్జిలో పోసి యంత్రంలో పెడతాం. క్రిమి డీఎన్ఏని వెతకడం, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో చెప్పడం రెండూ రెండు గంటల లోపే అయిపోతాయి. మిల్లీలీటరుకు 130 క్రిములున్నా పట్టేస్తుంది. దీని కొత్త కార్ట్రిడ్జి అల్ట్రాకు అంతకంటే చాలా తక్కువ చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సీబీనాట్‌ను 2010లో ఆమోదించింది. ఇదే పని చేసే, గోవా కంపెనీ తయారుచేసిన ట్రూనాట్ బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి ఊళ్లలోని చిన్న ఆసుపత్రులకు కూడా చేరింది.

సీబీనాట్ రాకముందు మేమెలా బతికామో చెప్పాలంటే మిమ్మల్ని మీడియా గదికి, అంటే క్రిమిని పెంచే ఆహారం తయారుచేసే గదికి తీసుకెళ్లాలి. అక్కడ కోడిగుడ్లుంటాయి. నేను ఈ పనిలో నేర్చుకున్న మొదటి విద్య గుడ్లు పగలగొట్టడం! సబ్బునీళ్లతో తోమి, స్పిరిట్‌లో నానబెట్టి, ఒక్కొక్కటీ విడిగా కొట్టి వాసన చూసి, గిలక్కొట్టి, గాజుగుడ్డలో వడగట్టాలి. మాలకైట్ గ్రీన్ కలిపితే ఆకుపచ్చగా మారుతుంది. సీసాలను ఏటవాలుగా పడుకోబెట్టి 85 డిగ్రీల దగ్గర గడ్డకట్టిస్తాం. ఎల్.జె. మీడియం అంటే అదే. ఈ క్రిమి ఒకటి రెండు కావడానికి పదిహేను నుంచి ఇరవై గంటలు పడుతుంది. దాని నిదానానికి మేము తలవంచాల్సిందే. ఎనిమిది వారాల దాకా వారం వారం సీసాలు తీసి చూసేవాళ్లం. గరుకైన, పొడిబారిన మీగడరంగు మచ్చలు కనిపిస్తే, ఏ మందుకు లొంగుతుందో తేల్చడానికి ఇంకో ఆరు వారాలు. రిపోర్టు టైపు చేసి పంపితే, ఆ పేరు గల మనిషి చనిపోయాడని కబురు వచ్చిన సందర్భాలున్నాయి. ఆ రోజుల్లో పనిచేసినవాళ్లెవరూ సీబీనాట్‌ను మామూలు యంత్రంగా చూడలేరు.

ఇప్పుడు లోపలి గది. రెండు తలుపులు ఒకేసారి తెరుచుకోవు. మొదటిది మూయండి, రెండోది లాగండి. గాలి మీ వెనకనుంచి లోపలికి తోస్తోందా? లోపల పీడనం తక్కువగా ఉంచుతాం. ఇక్కడి గాలి హెపా వడపోతల్లోంచి తప్ప బయటికి పోదు. ఈ గదిలో బతికున్న క్రిములను పెంచుతున్నాం. మూలనున్న పెద్ద పెట్టె పేరు ఎంజీఐటీ. 37 డిగ్రీల వెచ్చదనంలో ట్యూబులు కూర్చున్నాయి. క్రిమి ఆక్సిజన్‌ను తినేకొద్దీ ట్యూబు అడుగున ఉన్న పదార్థం వెలుగుతుంది. యంత్రం గంటగంటకూ చూస్తూ ఉంటుంది. 42 రోజులు వెలగకపోతేనే నెగెటివ్.

ఇవాళ ఒకటి మోగింది. క్యాబినెట్‌లో మూత తీసి, ఒక చుక్క పలక మీద వేసి, రంగు అద్ది చూస్తున్నాను. మీరూ చూడండి. ఎర్రని పుల్లలు ఒకదానికొకటి పెనవేసుకొని తాడు పేనినట్టు ఉన్నాయి. క్షయ క్రిమి ద్రవంలో ఇలాగే పెరుగుతుంది. అయినా అది క్షయ క్రిమేనని రూఢి చేసే కార్డు పరీక్ష కూడా చేస్తేగాని సంతకం పెట్టను.

సీబీనాట్ ఉండగా ఇంత కష్టం ఎందుకని అడుగుతారు. చచ్చిన క్రిమి డీఎన్ఏని కూడా అది చూపిస్తుంది. మందులు వాడుతున్న మనిషిలో బతికున్నవి ఉన్నాయా అన్నది కల్చరే చెప్పాలి. పైగా ఐసోనియాజిడ్ అనే మరో టీబీ మందు సంగతి సీబీనాట్ సాధారణ కార్ట్రిడ్జికి తెలియదు. దానికి, క్రిమి జన్యువుల్లో మార్పును గీతలుగా చూపే ఎల్‌పీఏ పట్టీలు తీయాలి. రిఫాంపిసిన్‌కు లొంగి, ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిమి ఉంటే, ఆ పరీక్ష చేయనంత కాలం ఆ మనిషి పనిచేయని మందు మింగుతూ ఉంటాడు. నా దృష్టిలో మన టీబీ పోరాటంలో అందరూ మరచిపోతున్న మూల ఇదే.

ఎల్‌పీఏ చూస్తున్న అమ్మాయి పట్టీ తెచ్చింది. కేట్‌జీ జన్యువు దగ్గర ఉండాల్సిన గీత లేదు, మార్పును చూపే గీత వచ్చింది. రిపోర్టు కంప్యూటర్‌లోకి ఎక్కేదాకా ఆగకుండా జిల్లాకు ఫోన్ చేస్తున్నాను. “అన్నా, ఈయనకు ఐసోనియాజిడ్ పనిచేయదు. మందులు మార్చాలి. ఇవాళే డాక్టర్ గారికి చూపించండి.” అవతల కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు. అంతే, తర్వాతి ట్యూబు.

మాస్కు తీసే ముందు మీకు ఒక్క మాట. మీ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, తెమడలో నెత్తురు, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకండి. పొద్దున లేవగానే నోరు మంచినీళ్లతో పుక్కిలించి, ఆరుబయట నిలబడి, రెండు మూడు సార్లు నిండా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి, చెంచాడు తెమడ డబ్బాలో పట్టమనండి. ఉమ్మి వద్దు. పలక పరీక్ష నెగెటివ్ అన్నా దగ్గు తగ్గకపోతే, సీబీనాట్ గాని ట్రూనాట్ గాని చేయమని అడగండి. ప్రభుత్వాసుపత్రిలో దానికి పైసా కట్టక్కర్లేదు.