వెల లేని వైద్యము

పందొమ్మిదవ శతాబ్దపు ఐర్లండు పల్లెలలో సర్పికి ఒక యింటివారును, కాలిన పుండునకు మరియొక యింటివారును, కామెర్లకు వేరొక యింటివారును మందొసగుచుండిరి. ఆ విద్య తరతరములుగ వచ్చిన కుటుంబపుటాస్తియే యైనను దానిని విక్రయించుట మహాదోషమని యెల్లరును నమ్మిరి. రోగి ధనమీయరాదు; పెక్కుచోట్ల కృతజ్ఞతయైనను నోట పలుకరాదు; పలికినచో మందు పారదని ప్రతీతి. 1851లో ప్రభుత్వము శాసనము చేసి పేదలకై వైద్యశాలల నేర్పరచిన పిదప కూడ జనులు ఆ గడపలను వీడరైరి. దీనిని కేవల మూఢత్వమని త్రోసివేయుట నాకు న్యాయముగ తోచదు. ఏలయన, కరవుచే కృశించిన ఆ దేశమున వైద్యమును బజారున కెక్కనీయని ధర్మమొకటి యీ నియమమునందు గలదు.

ఈ యధికారము చదువువలన గాక పుట్టుకవలనను, దైవికముగ గలిగిన సంబంధములవలనను వచ్చెడిది. నడుమ ఆడుబిడ్డ లేక వరుసగ పుట్టిన ఏడవ కుమారుడు వైద్యుడగునని తలచి, ఆ శిశువు పిడికిట వానపాము నుంచుచుండిరి. అది చచ్చినచో వానికి శక్తి గలదని నిశ్చయము. తండ్రి మరణానంతరము పుట్టినవాని యూపిరి పసిబిడ్డల నోటిపూతను మాన్పునట! పుట్టింటిపేరే మెట్టినింటిపేరుగ గలిగిన స్త్రీ యిచ్చిన రొట్టె కోరింతదగ్గునకు మందు.

ఇట్టివారిలో మిక్కిలి ప్రసిద్ధురాలు క్లేర్ కౌంటీలోని ఫీకిల్ ప్రాంతమున నివసించిన బిడ్డీ ఎర్లీ. ఆమె యొక నీలిసీసాలోనికి జూచి రోగగతిని జెప్పెడిదని జనులు చెప్పుకొనిరి. ధనము ముట్టక, తెచ్చిన ఆహారమును, విస్కీని మాత్రమే స్వీకరించెడిదనియు ప్రసిద్ధి. మతాచార్యులకు ఆమెపై ఆగ్రహము మెండు. 1865లో, 1586 నాటి మంత్రవిద్యా నిషేధశాసనము ననుసరించి ఎన్నిస్ పట్టణమున ఆమెపై అభియోగము మోపబడెను గాని సాక్ష్యము చాలక అది కొట్టివేయబడెను. ఆమె 1874లో దివంగతురాలయ్యెను. తరువాత ఐరిష్ రచయిత్రి లేడీ గ్రెగరీ ఆ ప్రాంతమున దిరిగి, ఆమె నెరిగిన వృద్ధులు చెప్పిన కథలను సేకరించి 1920లో ప్రకటించిన తన గ్రంథమున జేర్చెను.

అటుపిమ్మట జరిగిన కార్యము నాకు మరింత యాదరణీయముగ దోచును. 1935లో స్థాపితమైన ఐర్లండు జానపదసంఘము, 1937 మొదలు 1939 వరకు, దాదాపు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలను వారి తాతల యొద్దకును, అవ్వల యొద్దకును పంపి, వారి జ్ఞాపకములను వ్రాయించెను. ఏ యాకు ఏ నొప్పికి, ఏ బావినీరు ఏ కంటిజబ్బునకు, ఊరిలో ఎవరింట ఏ మందు గలదో పసిచేతులు నమోదు చేసిన ఆ పుటలు నేడు డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో భద్రముగ నున్నవి.