వెయ్యి బస్కీలు, వెయ్యి తట్టలు

మా జిమ్‌లో సోమవారం కాళ్ళ రోజు. ఆ రోజు తప్పకుండా ఒక తగువు నడుస్తుంది. తొడలు పెరగాలంటే బరువు ఎక్కువేసుకుని ఐదారు సార్లు లేవాలా, లేక తక్కువ బరువుతో ముప్పై నలభై సార్లు లేవాలా? ట్రైనర్‌ది మొదటి పక్షం. "అన్నా, ఇనుమేస్తెనే తొడ వస్తది. ఊకె లేశి కూసుంటె చెమట తప్ప ఏం రాదు" అంటాడు. నాతోపాటు వచ్చే ఆఫీసు మిత్రుడు రెండో పక్షం. వాడి ఫోన్లో దానికి సరిపడా వీడియోలున్నాయి.

నేను మాత్రం ఏ పక్షమూ చేరలేకపోయాను. కారణం మా అవ్వ కాళ్ళు.

మాది వనపర్తి దగ్గర పల్లె. నాయనమ్మని మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం. పెళ్ళయిన కొత్తల్లో, 1960ల మొదట్లో, తాతతో కలిసి గుంపు మేస్త్రి వెంట సాగర్ కాలువ పనికి పోయింది. ఆ తర్వాత పాతికేళ్ళు ఎక్కడ కట్ట పోస్తుంటే అక్కడ. తాత గడ్డపారతో తవ్వి పారతో ఎత్తేవాడు, అవ్వ తట్ట నెత్తిన పెట్టుకుని గట్టెక్కేది. తక్కువ బరువు, ఎక్కువ సార్లు అన్న సిద్ధాంతాన్ని ఆమె కంటే నిష్ఠగా ఆచరించినవాళ్ళు ఎవరుంటారు? మిత్రుడు చెప్పేదే నిజమైతే పాలమూరు పల్లెల్లో ప్రతి ముసలమ్మకీ పహిల్వాన్ తొడలుండాలి. అవ్వ తొడ నా ముంజేతికి కాస్త ఎక్కువ. పిక్కల మీద నరాలు తాళ్ళలా తేలి ఉండేవి.

మరి తక్కువ బరువు పక్షం ఓడిపోయినట్టేనా? అంత తొందరపడలేం. ఎందుకంటే అదే పద్ధతిలో స్తంభాల్లాంటి తొడలు పెంచినవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు.

*

అఖాడాల్లో, మన వైపు తాలింఖానాల్లో, ఇనుప కడ్డీ కంటే ముందు ఉన్నది దండీలు, బస్కీలు. బస్కీకి బరువు నీ ఒళ్ళే. పెంచగలిగింది లెక్క ఒక్కటే. వందతో మొదలై, ఐదొందలు, వెయ్యి. 1910లో లండన్ వెళ్ళి జిబిస్కో లాంటి భారీ మల్లుణ్ణి నేల మీద నుంచి లేవనీయకుండా నిలబెట్టిన గామా పహిల్వాన్ రోజుకు వేల బస్కీలు తీసేవాడని చెప్పుకుంటారు. ఆ అంకెల్లో కొంత కథ కలిసి ఉండొచ్చు. కానీ ఆయన ఫొటోలు చూడండి, తొడల విషయంలో కథేమీ లేదు.

అయితే గామా గురించి చెప్పేవాళ్ళు బస్కీల అంకె తర్వాత వెంటనే ఇంకో అంకె చెబుతారు. పాలు ఎన్ని, నెయ్యి ఎంత, బాదం ఎంత అని. ఆ ఖర్చు ఆయనది కాదు. మొదట దతియా సంస్థానం, తర్వాత పటియాలా మహారాజు పోషించారు. 1928లో జిబిస్కోతో రెండోసారి కుస్తీ జరిగింది కూడా పటియాలాలోనే. నిమిషం లోపే ముగిసింది. బనారస్ అఖాడాల మీద పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త జోసెఫ్ ఆల్టర్ కసరత్తుతో సమానంగా పాలు, నెయ్యి, బాదంపప్పు, విశ్రాంతి, నిగ్రహం గురించి రాశాడు. మల్లుడి దినచర్యలో బస్కీ ఎంత ముఖ్యమో, అది తీసిన తర్వాత పడుకోవడమూ అంతే ముఖ్యం.

పోషించిన శరీరాలు మా వనపర్తికీ తెలియనివి కావు. హైదరాబాద్‌లో మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా. ఎయిర్ కండిషనింగ్‌తో దానికి సంబంధం లేదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని పూర్తి పేరు. వనపర్తి సంస్థానం దగ్గరి సిద్దీ గుర్రపు దళం నిజాం కొలువులోకి వెళ్ళి ఆ పేరుతో మిగిలింది. గుర్రానికి దాణా ఎంత, రౌతుకు జీతమెంత అని సంస్థానాలు లెక్క రాసుకునేవి. కట్ట మీద మట్టి మోసేవాళ్ళకి కూలి లెక్క ఉండేది, తిండి లెక్క ఉండేది కాదు.

*

ఇక బరువు పక్షం సంగతి. దీనికి ఆధునిక శాస్త్రంలో ఒక పుట్టుక స్థలం ఉంది, అది జిమ్ కాదు, ఆసుపత్రి. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులు షికాగోలోని గార్డినర్ సైనిక ఆసుపత్రిలో నెలల తరబడి పడి ఉండేవాళ్ళు. వాడక తొడ కండరం కరిగిపోయేది. అప్పటి వైద్యం తేలికపాటి కదలికలు చాలాసార్లు చేయించడం. థామస్ డిలోర్మ్ అనే యువ వైద్యుడు చిన్నప్పుడు జబ్బుపడి లేచి, బరువులెత్తి బాగుపడ్డవాడు. పాదానికి ఇనుప బూటు కట్టి, దానికి బరువు తగిలించి, మోకాలు చాపమన్నాడు. వారం వారం బరువు పెంచాడు. కండరం తిరిగొచ్చింది.

ఆయన 1945లో అచ్చువేసిన వ్యాసం ఈ తగువుకు మూలపురుషుడు. ఎక్కువ బరువు, తక్కువ సార్లు చేస్తే బలం. తక్కువ బరువు, ఎక్కువ సార్లు చేస్తే ఓర్పు. ఒకటి చేసే పని ఇంకొకటి చేయలేదని తీర్పిచ్చాడు. సరదా ఏమిటంటే, ఆయన మొదటి పద్ధతిలో కూడా మొత్తం 70 నుంచి 100 సార్లు ఎత్తించేవాడు. 1948 నాటికి వాట్కిన్స్ అనే సహచరుడితో కలిసి దాన్ని పదేసి చొప్పున మూడు విడతలకు దించాడు. ఇవ్వాళ ఏ జిమ్‌లోనైనా ట్రైనర్ "త్రీ సెట్స్, టెన్ రెప్స్" అన్నాడంటే ఆ ఆసుపత్రి వార్డు మాటే వింటున్నామన్నమాట.

బరువు పక్షానికి మన దగ్గర సాక్ష్యం కావాలంటే కరణం మల్లీశ్వరి ఉంది. శ్రీకాకుళం జిల్లా వూసవానిపేట నుంచి వెళ్ళి, ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌కి ఒలింపిక్స్‌లో తలుపులు తెరిచిన మొదటిసారే, 2000 సిడ్నీలో, 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు అడిగింది. అది నిలిచుంటే రంగు మారేది. అక్కడ లెక్కలోకొచ్చేది ఒక్కసారే. ముప్పై సార్లు తేలికది ఎత్తగలనంటే ఎవరూ వినరు.

*

డిలోర్మ్ తీర్పు అరవై ఏళ్ళకు పైగా దాదాపు వేదవాక్కుగా నడిచింది. దాన్ని గట్టిగా కదిపింది కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం. 2010లో అక్కడ స్టువర్ట్ ఫిలిప్స్ బృందం 15 మంది యువకుల కాళ్ళ మీద ప్రయోగం చేసింది. గరిష్ఠంగా ఎత్తగలిగే దాంట్లో 90 శాతం బరువు ఒక పక్క, 30 శాతం బరువు ఇంకో పక్క. రెండూ ఇక లేవదు అన్నంతవరకు. కండరంలో కొత్త మాంసకృత్తులు తయారయ్యే వేగం చూస్తే తేలిక బరువు ఏమీ తీసిపోలేదు. మూడో ఏర్పాటు కూడా ఉంది, నాకు అసలైన కిటుకు అందులో దొరికింది. అదే 30 శాతం బరువుతో, బరువైన పక్షం చేసినంత మొత్తం పనే చేసి, అలుపు రాకముందే ఆపేశారు. ఫలితం వెనకబడింది. చేసిన పని అంతే, కానీ కండరానికి అందిన కబురు వేరు.

2012లో ఇంకో అడుగు వేశారు. 18 మంది యువకులు, పది వారాలు, వారానికి మూడు రోజులు మోకాలు చాపే వ్యాయామం. 30 శాతం బరువుతో మూడు సెట్లు చేసిన కాళ్ళ తొడ కండరం 6.8 శాతం పెరిగింది. 80 శాతంతో మూడు సెట్లు చేసినవి 7.2 శాతం. అంటే సమానమే. కానీ ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు మాత్రం 80 శాతం పక్షానికే బాగా పెరిగింది. తర్వాత 2017లో బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం అలాంటి అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టినా అదే తేలింది. సైజుకు రెండు దార్లూ పనికొస్తాయి, బలానికి బరువే దారి. జిమ్‌లో నా మిత్రుడూ నెగ్గాడు, ట్రైనరూ నెగ్గాడు.

అయితే ఈ చరిత్రలో ఇప్పటిదాకా కనిపించిన కాళ్ళు ఎవరివో గమనించండి. మల్లులు, సైనికులు, విశ్వవిద్యాలయం కుర్రాళ్ళు. మల్లీశ్వరిని వదిలేస్తే అందరూ మగవాళ్ళే. ఆమెతో సహా అందరికీ వేళకు తిండి పెట్టినవాళ్ళూ, పడుకోమన్నవాళ్ళూ ఉన్నారు. ప్రయోగంలో ఉన్నవాళ్ళకి వారానికి నాలుగు రోజులు సెలవు.

*

ఇప్పుడు అవ్వ లెక్క చూద్దాం. కాలువ పనిలో కూలి రోజుకు కాదు, తవ్విన మట్టికి. గుంతలో నడుమ ఒక మట్టి దిమ్మె వదిలేస్తారు, ఎంత లోతు పోయిందో కొలవడానికి. ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నుకు తక్కువుండదు. తట్టకు ఇరవై కిలోలు అనుకుంటే 75 తట్టలు. జంట రోజుకు రెండు ఘనపు మీటర్లు తీస్తే 150 తట్టలు. అంటే వంగి, తట్ట నెత్తికెత్తించుకుని, లేచి, గట్టెక్కి, గుమ్మరించి, మళ్ళీ దిగడం 150 సార్లు. వారం తిరిగేసరికి వెయ్యి తట్టలు. గామా లెక్కకు దూరమే కావొచ్చు, కానీ గామా నెత్తిన మట్టి లేదు.

మరి తొడ ఎందుకు రాలేదు? మొదటి జవాబు మెక్‌మాస్టర్ మూడో ఏర్పాటులో ఉంది. కూలిపని చేసేవాళ్ళు ఇక లేవలేను అన్నంతవరకు పోరు, పోకూడదు. పొద్దుటి పదో తట్టకే ప్రాణం పెట్టేస్తే సాయంత్రం నూట యాభయ్యోది ఎవరు మోస్తారు? దాచుకుని, పంచుకుని, రేపటికి మిగుల్చుకుని చేస్తారు. ఒళ్ళు దానికి తగ్గట్టే ఓర్పు నేర్చుకుంటుంది, లావు కాదు. డిలోర్మ్ చెప్పిన ఓర్పు ఇదే. అక్కడ ఆయన మాట తప్పు కాలేదు.

రెండో జవాబు తార్నాకలో ఉంది. జాతీయ పోషకాహార సంస్థ నేను రోజూ ఆఫీసుకెళ్ళే దారిలోదే. భారత వైద్య పరిశోధన మండలి 2010 సిఫార్సుల ప్రకారం బరువుపని చేసే ఆడమనిషికి రోజుకు 2850 కిలోకేలరీలు కావాలి. పాలిచ్చే తల్లయితే మొదటి ఆర్నెల్లు ఇంకో 600. నూరు గ్రాముల జొన్నల్లో సుమారు 349 కిలోకేలరీలుంటాయి. అంటే చెట్టుకు కట్టిన ఉయ్యాల్లో మా నాన్నను పడుకోబెట్టి తట్ట మోసిన అవ్వకు, ఒక్క జొన్నల మీదే బతకాలంటే, రోజుకు దగ్గర దగ్గర కిలో జొన్నలు కావాలి. అది ఉన్న ఒళ్ళు నిలబెట్టుకోవడానికి. కొత్త కండ పెరగడానికి కాదు. పైగా జొన్నలో లైసిన్ తక్కువ. పప్పో పాలో తోడైతే తప్ప ఆ మాంసకృత్తులు కండకు సరిగా అక్కరకు రావు.

ఆమె ఎంత తినేదని ఒకసారి అడిగాను. "మీ తాతకు రెండు రొట్టెలు వెట్టినంక మిగిలింది" అంది. "మిగలకుంటె?" అన్నాను. "అంబలుండేది గద" అంది. ఫిర్యాదులా కాదు, చుట్టబట్ట ఎట్లా చుట్టాలో చెప్పినట్టే చెప్పింది.

మూడోది విశ్రాంతి. కండ పెరిగేది ఎత్తేటప్పుడు కాదు, ఎత్తిన తర్వాతి గంటల్లో. మేస్త్రి దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని పోయిన జంటకు ఆ గంటలు సొంతం కావు. పని తెమిలితేనే బాకీ తెగేది. గుడిసె వంటా, నీళ్ళూ, పిల్లలూ మళ్ళీ అవ్వ పనే. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా అవ్వ పదేళ్ళ పైన అడ్వాన్సు మీదే పనికి పోయింది.

*

బరువా, లెక్కా అనే తగువు అబద్ధమని నేననడం లేదు. జిమ్‌కి వచ్చే నాకు అది పనికొచ్చే తగువే. కడుపు నిండా తిని, ఏడు గంటలు పడుకునేవాడు మాత్రమే ఆ తగువు పెట్టుకోగలడని అంటున్నాను. తిండి, నిద్ర సమంగా ఉన్న చోట రెండు పద్ధతులూ కండ ఇస్తాయి. అవి లేని చోట రెండూ ఇవ్వవు. దీన్ని ఏ ప్రయోగశాలా పాలమూరులో పరీక్షించలేదు. కానీ నా దగ్గర ఒక జత కాళ్ళ సాక్ష్యం ఉంది. మా ఊళ్ళో అడిగితే ఇంటికో జత దొరుకుతుంది.

ఆ కాళ్ళ పని ఎక్కడికి పోయిందో చూడాలంటే మదనాపురం వైపు వెళ్ళాలి. సరళాసాగర్ కట్ట అక్కడుంది. వనపర్తి చివరి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరు పెట్టిన ప్రాజెక్టు. 1949లో మొదలై 1959లో తెరుచుకుంది. చెరువు నిండగానే ఎవరూ గేట్లెత్తకుండానే నీళ్ళు వాటంతట అవే దూకే సైఫన్‌లు దాని ప్రత్యేకత. ఇంజనీరింగ్ చదివేటప్పుడు స్నేహితులను తీసుకెళ్ళి గొప్పగా ఆ సైఫన్‌లే చూపించాను. కట్ట వైపు చెయ్యి చాపలేదు. దాని మీద మట్టి మోసినవాళ్ళలో మా ముత్తాత, ముత్తవ్వ ఉన్నారని నాకప్పుడు తెలీదు.

2019 డిసెంబరు 31న ఆ కట్టకు గండి పడింది. టీవీలో చూపిస్తున్నారు. నేను సెలవు మీద ఊళ్ళోనే ఉన్నాను. నీళ్ళు ఎన్ని పోయాయో వార్తల్లో చెబుతున్నారు. అవ్వ మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు చేతుల్తో పిక్కలు వొత్తుకుంటూ, తెర మీది గండిని చాలాసేపు చూసింది.

"ఎన్ని తట్టలు వొయినయో" అంది.