పటం ఎవరిది? గోడ ఎవరిది?

మా వాడకు బొమ్మ కొత్త గాదు. గ్యాలరీయే కొత్త. చిత్రకళ చరిత్ర రాసే పెద్దమనుషులు మాత్రం దీన్ని తిరగేసి రాస్తారు. తెలంగాణలో చిత్రకళ అంటే గుహల్లో గీతలు, నవాబుల కొలువు, ఆ తర్వాత హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ కాలేజి, ఆ తర్వాత ఎగ్జిబిషన్లు. ఈ వరసలో ఎక్కడా మాదిగవాడ ఉండదు. లేనిది మేమా, వాళ్ల చూపా?

నేను ఓరుగల్లు దిక్కు మాదిగోణ్ణి. మా అయ్య చెప్పులు కుట్టిండు, మోటబొక్కెనలు కుట్టిండు, చావుకూ జాతరకూ డప్పు కొట్టిండు. ఏనాడూ ఏ ఎగ్జిబిషన్ హాలు గడపా తొక్కలేదు. అయినా బొమ్మలు చూసిన మనిషే. పంట కల్లంలో పడ్డంక డక్కలోళ్లు దిగేవాళ్లు. వాడ బయట చెట్టు కింద గుడారం వేసుకునేవాళ్లు. పొద్దుగూకినంక గుంజలు పాతి పటం కట్టి, దీపం దగ్గర పెట్టి, పుల్లతో ఒక్కో బొమ్మ చూపిస్తూ జాంబపురాణం చెప్పేవాళ్లు. భూమి పుట్టకముందే పుట్టినవాడు జాంబవంతుడనీ, ఆయన సంతానమే మాదిగలనీ ఆ కథ. పగలంతా ఊళ్లె ‘ఏరా’ అనిపించుకున్న మనిషి, రాత్రి ఆ పటం ముందర అందరికంటే ముందు పుట్టినోడయ్యేవాడు. మా అయ్య అనేవాడు: “మన పుట్టుక ఏడాదంతా ఊరోళ్లు చెప్తరు బిడ్డా. గీ ఒక్క రాత్రి మనోళ్లు చెప్తరు.”

ఆ పటాలు గీసేది నకాషీలు. వాళ్లకు పేరున్న చోటు చేర్యాల. అది ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట జిల్లా. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు బంక కలిపి పూస్తారు. ఆరినంక ఎర్రటి రంగు మీద బొమ్మలు దింపుతారు. వెడల్పు 3 అడుగులుంటే పొడవు 40, 50 అడుగుల దాకా పోతుంది. ఏ కులానికి ఆ కులం పటం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులోళ్లు చెప్తారు. ముదిరాజులకు పాండవుల కథ కాకిపడగలోళ్లు చెప్తారు. మాదిగలకు జాంబపురాణం డక్కలోళ్లు చెప్తారు. అంటే ఒక పటానికి ముగ్గురు హక్కుదార్లు: గీసినవాడు, చెప్పేవాడు, చెప్పించుకునే కులం.

డక్కలోళ్ల సంగతి కూడా చెప్పాలె. ఊరు మాదిగలను వెలేస్తే, మాదిగవాడ డక్కలోళ్లను వెలేసింది. మా పుట్టుకను అంత గొప్పగా చెప్పేవాడికి మా గడప లోపలికి రానుపోను లేదు. కులం మెట్టు మీద మెట్టుగా కట్టిన కట్టడమని అంబేద్కర్ చెప్పిన మాటకు రుజువు మా వాడ చివర ఆ చెట్టు కిందనే ఉంది. దీన్ని దాచిపెట్టి మా కళ చరిత్ర మేమూ రాయలేం.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. చెప్పించుకునేవాళ్లు తగ్గిన్రు. చెప్పేవాళ్లు కూలికి పోయిన్రు. పటం గీయించుకునేవాడే లేకపోతే నకాషీ ఏం తింటాడు? హస్తకళల సంస్థలు, ఎంపోరియాలు ఆదుకున్న మాట నిజమే. అయితే పటం తునకలైతే తప్ప అమ్ముడుపోదు. 40 అడుగుల కథ అడుగు ఫ్రేములోకి కుదించుకుపోయింది. చేర్యాల బొమ్మకు జిఐ గుర్తింపు వచ్చింది. ఊరి పేరు నిలిచింది. కథ పేరు పోయింది.

ఇక నగరం గ్యాలరీల సంగతి. రవీంద్రభారతి వెనక కళాభవన్‌కు, మాదాపూర్ స్టేట్ గ్యాలరీకి వీలున్నప్పుడల్లా పోతుంటాను. కాపు రాజయ్య (1925–2012), లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం తెలంగాణ పల్లెను కాన్వాసు మీదికి తెచ్చినోళ్లు. వైకుంఠం గీసిన నల్లని ఒంటి ఆడవాళ్లనూ, ఆ పెద్ద బొట్టునూ చూస్తే మా మేనత్త యాదికొస్తది. వాళ్లకు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాల్సిందే. నాకు మిగిలే ప్రశ్న ఒక్కటే: ఆ అందమైన పల్లెకు వెలివాడ ఏ దిక్కున ఉంది?

ఒకసారి ఒక పెద్ద గ్యాలరీలో జానపద కళల ఎగ్జిబిషన్ పెట్టిన్రు. జాంబపురాణం పటం తునక ఒకటి అద్దం వెనక ఉంది. కింద చీటీ మీద ‘జాంబవంతుడు, జానపద చిత్రం, గుడ్డ మీద రంగులు’ అని రాసి ఉంది. డక్కలి అన్న మాట లేదు. మాదిగ అన్న మాట లేదు. చూపిస్తున్న అమ్మాయిని అడిగిన: “ఈ జాంబవంతుడు ఎవరమ్మా?” “రామాయణంలో వస్తాడు కదండీ, రాముడికి సాయం చేసిన ఎలుగుబంటి” అన్నది. ఆ పిల్లను ఏమనాలె? ఆమెకు చెప్పినోడు లేడు. భూమి కంటే ముందు పుట్టిన మా మూలపురుషుడు ఆ అద్దం వెనక రాముడి సైన్యంలో బంటు అయిపోయిండు.

గ్యాలరీ గోడ మీదికి ఎక్కితే కథ పోవాల్సిందేనా? అక్కర్లేదు. పీష్వాల పూనాలో అంటరానివాడు మెడకు ముంత, నడుముకు చీపురు కట్టుకొని నడవాల్సివచ్చిందని అంబేద్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో రాసిండు. ఆ ముంతనూ ఆ చీపురునూ నాగపూర్ దళిత చిత్రకారుడు సవీంద్ర సావర్కర్ తన బొమ్మల్లోకి తెచ్చిండు. బీహార్ మిథిలలో చానోదేవి, శాంతిదేవి అనే దుసాధ్ కులం ఆడవాళ్లు 1970లలో పచ్చబొట్టు గీతలతో సొంత శైలి కట్టి, తమ వీరుడు రాజా సల్హేస్ కథ గీసిన్రు. బొమ్మ అమ్ముకున్నరు గానీ కథను వదులుకోలేదు.

పేరు పలికితే ఏమైతదో మన దగ్గరా చూసినం. డక్కలి ఇంట్ల పుట్టిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర ఎవరిదో అప్పుడు దేశానికి తెలిసింది. అదే డక్కలోళ్ల పటానికి ఎందుకు జరగదు?

మేం అడిగేది పెద్ద కోరికేం గాదు. పటం దొరికినంత పొడవునా పరవండి. చీటీ మీద గీసినవాడి పేరుతో పాటు చెప్పిన కులం పేరు, విన్న కులం పేరు రాయండి. చెప్పేవాణ్ణి పిలిచి, కుర్చీ వేసి, కూలి ఇచ్చి చెప్పించండి. మా వాళ్లూ ఆయన పక్కన కుర్చీ వేసుకొని కూసోవాలె.

భూమి పట్టాలు లేనోళ్లం. ఈ నేల మీద మేం ముందటోళ్లమని చెప్పే దస్తావేజు మాకు ఆ పటం ఒక్కటే. దస్తావేజులో పేర్లు కొట్టేసి గోడకు తగిలిస్తే దాన్ని మా వాడలో ప్రదర్శన అనరు. కబ్జా అంటరు.