చూడవచ్చినవారి ప్రాణము

ఫ్రాన్సు దేశమునకు వలసవచ్చి స్థిరపడిన నాబోటి తెలుగువారిని స్వదేశమందలి బంధుమిత్రులు ఈ దేశచరిత్ర చెప్పుమని కోరినప్పుడు, మేము సాధారణముగా విప్లవముతో ఆరంభించి, నెపోలియను దండయాత్రల మీదుగా రెండు మహాయుద్ధములకు వచ్చి ఆగుదుము. కాని ఇరువదవ శతాబ్దమున ఈ జాతి యంత్రమును ఎంతగా ప్రేమించినదో, ఆ ప్రేమకు ఎంతటి మూల్యము చెల్లించినదో తెలియవలెనన్నచో, పారిసునకు నైరుతి దిశను సుమారు 200 కిలోమీటర్ల దూరమున సార్త్ నదీతీరమందున్న లె మాన్ పట్టణమునకు రావలెను. అచట జరుగు 24 గంటల కారు పందెమును గురించి, అందును 1955వ సంవత్సరమును గురించి తెలిసికొనవలెను.

ఈ పట్టణమునకు యంత్రముతోడి చుట్టరికము పందెముకంటె పాతది. గంటలు పోతపోయు కుటుంబమున జన్మించిన అమెదే బోలే 1873లో ఆవిరిబండిని నిర్మించినది ఇచటనే. 1906లో ఫ్రాన్సు మొదటి గ్రాన్ ప్రి జరిగినది ఈ పరిసరపు దారులపైననే. 1908 ఆగస్టులో అమెరికావాసి విల్బర్ రైట్ తన విమానమును గాలిలో వంపులు త్రిప్పి ఐరోపావారి సందేహములను పోగొట్టినది ఇచటి ఉనోదియేర్ గుఱ్ఱపుపందెముల మైదానముననే. 1923 మే నెలలో స్థానిక మోటారు సంఘమువారు ఆరంభించిన 24 గంటల పందెమునకు వేగ మొక్కటియే లక్ష్యము కాదు. కారు రాత్రియు పగలును, వానలోను ఎండలోను నిలిచి నడువగలదా, దాని దీపములు, బ్రేకులు ప్రయాణమునకు పనికివచ్చునా అని పరీక్షించుటయు వారి ఉద్దేశమే. అందులకే మామూలు రహదారులను పందెపుబాటగా ఎన్నుకొనిరి. ఆ బాటలో భాగమైన ఉనోదియేర్ తిన్నని దారిపై నేటికిని మిగిలిన దినములందు లారీలు, బస్సులు తిరుగుచునే యుండును. 1936లో కార్మికుల సమ్మెలవలన పందె మాగినది. 1940 నుండి 1948 వరకు యుద్ధమువలనను, యుద్ధము మిగిల్చిన శిథిలములవలనను ఆగినది. 1949లో మరల ఆరంభమైనది.

1955లో ప్రపంచ స్పోర్ట్స్ కార్ చాంపియన్‌షిప్‌నకు ఆరు పందెములు లెక్కకు వచ్చినవి. జనవరిలో బ్యూనస్ ఐరిస్‌నందు ఫెరారీయు, మార్చిలో ఫ్లోరిడాయందలి సెబ్రింగ్‌లో జాగ్వారును గెలిచినవి. జర్మనులదైన మెర్సిడెస్ బెంజ్ మే 1న ఇటలీయందలి మిల్లే మిల్యాతో రంగమున దిగినది. బ్రెషియా నుండి రోమునకు పోయి తిరిగి బ్రెషియా చేరవలసిన సుమారు 1600 కిలోమీటర్ల ఆ పందెమున, మెర్సిడెస్ చోదకుడు స్టర్లింగ్ మాస్ ప్రక్కన కూర్చుండిన డెనిస్ జెన్కిన్సన్ అను పత్రికారచయిత, దారిలోని మలుపులను, వంతెనలను, మిట్టలను ముందుగా గుర్తించి వ్రాసికొన్న పొడవైన కాగితపుచుట్టను చిన్న పెట్టెలో అమర్చి, దానిని త్రిప్పుచు చదువుచు, ఇంజను హోరులో మాట వినబడదు గనుక చేతిసైగలతో మాస్‌నకు దారి తెలుపుచు పోయెను. ఉదయము 7 గంటల 22 నిమిషములకు బయలుదేరిన ఆ కారు 10 గంటల 7 నిమిషముల 48 సెకన్లలో గమ్యము చేరెను. అపాయము నెరిగి దానికి సిద్ధపడిన ఇద్దరి ధైర్యమునకు ఆ దినము గొప్ప నిదర్శనము.

జూన్ 11న లె మాన్‌లో అపాయము అట్టివారితో ఆగలేదు. యుద్ధము ముగిసి పదేండ్లయిన ఆనాడు మెర్సిడెస్ కార్లలో ఒకదానిని నడపుటకు వచ్చినవారు, 1952లో ఇదే పందెమున సుమారు 23 గంటలు ఒంటరిగా నడపి గెలుపుముంగిట ఇంజను చెడి ఓడిన ఫ్రెంచివాడు పియేర్ లెవె, యుద్ధమున విమానము నడపుచు జర్మనులకు ఖైదీగా చిక్కిన అమెరికావాడు జాన్ ఫిచ్. నిన్నటి శత్రువులు ఒకే జట్టుగా నిలిచిన ఆ దృశ్యము ఐరోపాకు శుభసూచకమే. కాని కార్లు ఆగి పెట్రోలు నింపుకొను పిట్‌లకును పందెపుబాటకును నడుమ అడ్డుగోడ లేదు. ఎదుటివైపున వేలాది జనమును కాచునది నడుమెత్తు మట్టికట్ట మాత్రమే. సాయంకాలము ఆరున్నర కావచ్చుచుండగా, హాథార్న్ అను చోదకుడు నడపు జాగ్వారు పిట్‌నకై వేగము తగ్గించెను. వెనుకనున్న, మాక్లిన్ అను చోదకుని ఆస్టిన్ హీలీ కారు ఎడమకు మరలెను. లెవె కారు దానిని వెనుకనుండి తాకి, పైకి లేచి, కట్టపై పడి బ్రద్దలయ్యెను. దాని ఇంజను జనసమూహము నడుమ దూసికొనిపోయెను. లెవెయు, ఎనుబదిమందికి పైగా ప్రేక్షకులును మరణించిరి.

పందెము మాత్రము ఆగలేదు. జనమంతయు ఒక్కసారి కదలినచో దారులు నిండి అంబులెన్సులకు త్రోవ దొరకదని నిర్వాహకులు చెప్పిరి. ఆ మాట త్రోసివేయదగినది కాదు. ముందంజలో నుండియు మెర్సిడెస్‌వారు అర్ధరాత్రి దాటిన పిమ్మట తమ కార్లను ఉపసంహరించుకొనిరి. హాథార్న్, అతనికి జోడుగా నడపిన బ్యూబ్ గెలిచిరి. అధికార విచారణ ఏ చోదకునిపైనను నేరము మోపక, నాటి వేగములకు చాలని బాట అమరికనే తప్పుపట్టెను. ఇంతటి దుఃఖమున ఒక మనిషిని దోషిగా నిలుపుట జనమునకు ఊరట కలిగించును గాని, ఆ బాటను సరిదిద్దదు. అందుచేత ఈ తీర్పు నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. 1956 నాటికి పిట్‌లను, ప్రేక్షకుల గ్యాలరీలను తిరిగి కట్టి, వాని ముందరి బాటను వెడల్పు చేసిరి. పొరుగున స్విట్జర్లాండు ఇట్టి పందెములను దశాబ్దములపాటు నిషేధించెను. అదే 1955 సెప్టెంబరులో ఉత్తర ఐర్లండునందలి డండ్రోడ్ పందెము ముగ్గురు చోదకులను బలిగొన్నది. అక్టోబరులో సిసిలీయందలి టార్గా ఫ్లోరియోను గెలిచి చాంపియన్‌షిప్ పొందిన మెర్సిడెస్, ఆ ఏటితోనే పందెములనుండి తొలగెను. లెవెకు జోడుగా నడపవలసియుండిన ఫిచ్ అనంతరకాలమున, రహదారుల ప్రక్క వంతెనస్తంభముల ముందు నిలుపు ఇసుకపీపాల రక్షణను రూపొందించి, ఏ పందెమునకును పోని ప్రయాణికుల ప్రాణములు కాపాడెను.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ పందెమును చూచిన మనవారు, కాంక్రీటు గోడలును, వానిపై కంచెయు చూపునకు అడ్డమని విసిగియుండవచ్చును. ఆ అడ్డు అనవసరమని తలచినవారికి లె మాన్ చరిత్ర చెప్పవలసియున్నది. పందెము కానిండు, తిరునాళ్లు కానిండు, జనమును పిలిచినవారు ఎవరు ఎచట నిలుతురు, ఎటు వెడలుదురు అనుదానిని వేడుకకంటె ముందుగా నిర్ణయింపవలెను. ఆ ప్రశ్న వారిని ముందుగానే అడుగుట మన హక్కు.